గెలాక్సీల కలయికను గణించిన అల్లాదీన్

హైదరాబాదులో వారాసిగూడ, తార్నాకలకు చేరువలో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఎందరో విద్వాంసులకు నెలవు. గెలాక్సీల గమనాన్ని గణితంతో శోధించి ఖ్యాతి గడించిన ఆచార్య సాలెహ్ మహమ్మద్ అల్లాదీన్ వారిలో ఒకరు.

1931 మార్చి 3న జన్మించిన అల్లాదీన్, 1963లో అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందారు. అనంతరం ఉస్మానియాయే ఆయన కర్మభూమి అయింది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ స్థాపించిన నిజామియా వేధశాల అప్పటికే ఆ విశ్వవిద్యాలయ అధీనంలో ఉండేది.

కోటానుకోట్ల నక్షత్రాల సముదాయమే గెలాక్సీ. నక్షత్రాల నడుమ దూరం అపారం. కనుక రెండు గెలాక్సీలు ఢీకొన్నా వాటిలోని నక్షత్రాలు ఒకదానినొకటి తాకడం బహు అరుదు. అట్టి సమయంలో వాయువు మాత్రమే చెదరిపోతుందనీ, నక్షత్రాలు పెద్ద మార్పు లేకుండా సాగిపోతాయనీ 1951లో స్పిట్జర్, బాడె అనే శాస్త్రవేత్తలు భావించారు.

నక్షత్రాలు తాకకపోయినా ఆకర్షణశక్తి మిన్నకుండదు. చంద్రుని ఆకర్షణ కడలిలో ఆటుపోట్లు రేపినట్లే, ఒక గెలాక్సీ ఆకర్షణ మరొక గెలాక్సీలోని నక్షత్రాల చలనాన్ని కలవరపరుస్తుంది. అందుకు కావలసిన శక్తి గెలాక్సీల గమనం నుండే వ్యయమవుతుంది. ఈ వ్యయం ఉపేక్షించదగినంత స్వల్పం కాదని అల్లాదీన్ లెక్కకట్టి, 1965లో ఆస్ట్రోఫిజికల్ జర్నల్‌లో ప్రకటించారు. కంప్యూటర్లు నేటివలె విరివిగా లభించని కాలమది.

గెలాక్సీలు ఎంత మెల్లగా సమీపిస్తే వాటి గమనశక్తి అంత ఎక్కువగా హరిస్తుంది. పెద్ద గుచ్ఛాలలో అవి సెకనుకు వేయి కిలోమీటర్ల వేగంతో సంచరిస్తూ ఒకదానినొకటి దాటిపోతాయి. చిన్న గుంపులలో వేగం కొన్ని వందల కిలోమీటర్లే. అందుచేత అక్కడ దగ్గరైనవి విడివడలేక క్రమంగా ఒక్కటవుతాయి. సర్పిలాకృతి నశించి, నక్షత్రాలు నలుదిక్కులా తిరిగే దీర్ఘవృత్తాకార గెలాక్సీ ఏర్పడుతుంది. 1972లో టూమ్రే సోదరులు కంప్యూటర్ చిత్రాలతో గెలాక్సీల పరస్పర ప్రభావాన్ని కన్నులకు కట్టించారు. గుంపంతా కలిసిపోయి ఒకే మహా గెలాక్సీగా మిగిలిన శిలాజ సమూహం 1994లో వెలుగు చూసింది.

ఉస్మానియాలోని ఖగోళ ఉన్నతాధ్యయన కేంద్రానికి అల్లాదీన్ సంచాలకులుగా వ్యవహరించారు. 1981లో మేఘనాథ్ సాహా పురస్కారం ఆయనను వరించింది. మరుసటి ఏడు నరసింహన్‌తో కలిసి గెలాక్సీల పరస్పరాకర్షణపై సమగ్ర సమీక్షను వెలువరించారు. 2011లో ఆయన కన్నుమూశారు.

మన పాలపుంత సైతం ఒక చిన్న గుంపులోనిదే. దానికి పొరుగున ఉన్న ఆండ్రోమెడా 25 లక్షల కాంతి సంవత్సరాల దూరం నుండి మనవైపు వస్తోంది. రానున్న 1000 కోట్ల సంవత్సరాలలో ఈ రెండూ కలిసే అవకాశం దాదాపు సగమేనని 2025 నాటి గణనలు తెలుపుతున్నాయి. ఇంతటి బృహత్తర ప్రశ్నకు దారిచూపిన గణనలలో మన నగరపు విద్వాంసుని కృషి కూడా ఉంది. కంటికి అందని దూరాలను సైతం శ్రద్ధతో కూడిన ఆలోచన అందుకోగలదని ఆయన జీవితం చాటుతోంది.