గురువందనము

విద్య నేర్చుకొను నాడే గురువు విలువ తెలిసికొనువారు కొందఱు. ఏండ్లు గడచి, తామును పెద్దవారైన పిమ్మట గాని ఆ విలువ తెలియనివారు మఱికొందఱు. ఐరోపా ఖండమున సంగీత సార్వభౌములుగా పేరొందిన ఒక గురుశిష్యుల కథ ఈ రెండవ కోవకు చెందినది. ఆ గురువు జోసెఫ్ హైడన్. ఆ శిష్యుడు బీథోవెన్.

హైడన్ 1732వ సంవత్సరము మార్చి 31వ తేదీన ఆస్ట్రియా దేశమందలి రోరౌ అను పల్లెటూర జన్మించెను. తండ్రి బండిచక్రములు చేసి జీవించువాడు. తల్లి ఆ ఊరి ప్రభువు కోటలో వంట చేసెడిది. తండ్రికి స్వరలిపి చదువుట రాకపోయినను, పని ముగిసిన పిమ్మట హార్పు అను తంత్రీవాద్యమును మీటుచు పాడుకొనుచుండెను. ఆ పాటలు వినుచు పెరిగిన బాలుని తెలివిని గుర్తించి, బంధువైన ఒక ఉపాధ్యాయుడు ఆరేండ్ల ప్రాయముననే తన ఊరికి కొనిపోయి చదువు చెప్పెను. ఎనిమిదవయేట హైడన్ వియన్నా నగరమందలి పెద్ద దేవాలయమున పాడు బాలుర బృందములో చేరెను. కాని యౌవనమున గొంతు మాఱగానే ఆ కొలువు పోయెను. ఇంటి పైకప్పు క్రింది ఇఱుకు గదిలో కాపురముండి, పిల్లలకు పాఠములు చెప్పి పొట్టపోసికొనవలసి వచ్చెను. ఆ రోజులలో ఆయన పోర్పోరా అను ప్రసిద్ధ సంగీతాచార్యునికి నౌకరువలె పరిచర్యలు చేసి, రచనలోని మెలకువలు గ్రహించెను. శుశ్రూషచే విద్య నార్జించుట ఎట్టిదో ఆయనకు అనుభవముననే తెలియును.

1761లో హైడన్ ఎస్టర్‌హాజీ ప్రభువుల ఆస్థానమున ప్రవేశించి, సుమారు ముప్పదియేండ్లు వారి కొలువులో ఉండెను. తన చేతిక్రింది వాద్యగాండ్ర కష్టసుఖములను తండ్రివలె విచారించుటచే వారాయనను నాన్నా అని పిలుచుచుండిరి. అనేక వాద్యములు కలసి మ్రోయు సింఫనీలు అను రచనలను ఆయన నూటికి పైగా చేసెను. 1791లో లండను నగరమునకు పోయినప్పుడు ప్రజలు బ్రహ్మరథము పట్టిరి. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము డాక్టరు బిరుదమిచ్చి గౌరవించెను.

1792 నవంబరులో జర్మనీ దేశమందలి బాన్ నగరమునుండి ఇరువదియొక్కయేండ్ల యువకుడొకడు హైడన్ వద్ద విద్య నేర్చుటకు వియన్నా చేరెను. అతడే బీథోవెన్. అప్పటికి గురువునకు అఱువదియేండ్లు. శిష్యుడు అసమాన ప్రతిభావంతుడు. కాని అభిమానధనుడు, తొందరపాటుగలవాడు. గురువు శాంతస్వభావుడే యైనను రచనలతోను ప్రయాణ సన్నాహములతోను తీరికలేనివాడు. శిష్యుడు వ్రాసి తెచ్చిన అభ్యాసములలో కొన్ని తప్పులు ఆయన దిద్దక విడిచెను. అది బీథోవెన్‌కు కష్టము తోచెను. అతడు హైడన్‌కు తెలియకుండ వేఱొకరి సహాయము పొందెనని చెప్పుదురు.

అయినను హైడన్‌కు శిష్యునిపై వాత్సల్యము తగ్గలేదు. చేతిలో డబ్బు లేక అతడు ఇబ్బంది పడుచుండగా తన సొమ్ము అప్పుగా ఇచ్చెను. 1793లో బాన్ ప్రభువునకు జాబు వ్రాసి, ఈ యువకుడు ఐరోపాలోని మహారచయితలలో ఒకడు కాగలడనియు, అతని గురువునని చెప్పుకొనుట తనకు గర్వకారణమగుననియు తెలిపెను. మరుసటి సంవత్సరము హైడన్ మరల లండను పోవుటచే పాఠములు నిలిచిపోయెను.

ఒకప్పుడు బీథోవెన్ తన మూడు రచనలను హైడన్ ఎదుట వినిపించెను. హైడన్ మెచ్చుకొని, మూడవదానిని మాత్రము అప్పుడే ప్రకటింపవద్దని సలహా ఇచ్చెను. ప్రజలు దానిని అంత సులభముగ గ్రహింపలేరని ఆయన భయము. శిష్యుడు దీనిని అసూయగా భావించెను. 1796లో వేఱు మూడు రచనలను హైడన్‌కు అంకితము చేసెను గాని, తాను హైడన్ శిష్యుడనని వాటిపై వేయించుటకు ఒప్పుకొనలేదు. హైడన్ వలన తాను నేర్చినదేమియు లేదని అనుటకును వెనుదీయలేదు.

ఏండ్లు గడచెను. హైడన్ బైబిలులోని సృష్టి కథను మహాగానముగా రచించి కీర్తిశిఖరము నందెను. కాని 1803 నాటికి శరీరము సహకరింపక రచన మానుకొని, వియన్నా పొలిమేరలోని తన యింట విశ్రాంతి తీసికొనుచుండెను. మనస్సులో స్వరములు పొంగుచునే యున్నను, వాటిని కాగితముపై నిలుపు శక్తి లేకపోయెను. ఇటు బీథోవెన్ మహారచయిత యయ్యెను. కాని సంగీతమే ప్రాణమైన అతని చెవులు నానాటికి వినికిడి కోల్పోవుచుండెను.

1808వ సంవత్సరము మార్చి 27వ తేదీన, హైడన్ డెబ్బదియాఱవ జన్మదినమునకు నాలుగు దినములు ముందుగా, వియన్నా విశ్వవిద్యాలయ మందిరమున ఆ సృష్టిగానమును ఏర్పాటు చేసిరి. నడువలేని వృద్ధుని కుర్చీతో సహా లోపలికి మోసికొని వచ్చిరి. బూరలు మ్రోగెను, సభ అంతయు లేచి నిలిచెను. చలి సోకకుండ కులకాంతలు తమ శాలువలను ఆయనకు కప్పిరి. వెలుగు పుట్టిన ఘట్టమున సభ కరతాళధ్వనులతో మాఱుమ్రోగగా, అది తనది కాదు, పైనుండి వచ్చినదని ఆయన చేయెత్తి చూపెను. ఆ ఉద్వేగమును తట్టుకొనలేకపోవుటచే మొదటి భాగము కాగానే ఆయనను ఇంటికి చేర్పవలసి వచ్చెను. అప్పుడు ఆ మహాజనసమక్షమున బీథోవెన్ ముందుకు వచ్చి, గురువు ఎదుట మోకరిల్లి, ఆయన చేతులను, నుదుటిని ముద్దుపెట్టుకొనెను. ఏ పేరు చెప్పుకొనుటకు ఒకనాడు నిరాకరించెనో, ఆ పేరునకు నేడు తల వంచెను. ద్వారము కడ హైడన్ వెనుదిరిగి చేతులెత్తి అందఱను దీవించెను.

మరుసటి సంవత్సరము మే నెలలో నెపోలియను సైన్యము వియన్నాను పట్టుకొనెను. ఫిరంగి గుండ్లు ఇంటి సమీపమున పడుచుండగా ఆ వృద్ధుడు తన పరిచారకులకు ధైర్యము చెప్పెను. 31వ తేదీన ఆయన కన్నుమూసెను.

1827లో బీథోవెన్ అంత్యదినములలో మంచము పట్టియుండగా, మిత్రుడొకడు హైడన్ పుట్టిన ఇంటి చిత్రపటము తెచ్చి యిచ్చెను. అతడు చిన్నపిల్లవానివలె సంతసించి, అంతటి మహానుభావుడు ఇంత చిన్న యింట పుట్టెనని వచ్చినవారికెల్ల చూపించెను. ఆ మార్చి 26వ తేదీన అతడు తనువు చాలించెను.

గురువులోను లోపములుండవచ్చును, శిష్యునిలోను ఉండవచ్చును. ఆలస్యముగనైనను బీథోవెన్ గురువు ఋణమును గుర్తించెను. గురువు జీవించియుండగనే గుర్తించుట అతని అదృష్టము.