కమ్మరి ఇంట పుట్టి భూగర్భాన్ని చదివిన మోహోరోవిచిచ్

భూమి లోపల ఏముందో తవ్వి చూద్దామంటే కుదిరే పని కాదు. రష్యాలోని కోలాలో వేసిన అతి లోతైన బోరు కూడా 12 కిలోమీటర్లు దాటి కొద్దిగానే దిగింది. మరి పర్వతాల కింద పదుల కిలోమీటర్ల లోతున ఏముందో మనకెలా తెలిసింది? అందుకు దారి చూపినవారు ఆండ్రియా మోహోరోవిచిచ్.

ఆయన 1857 జనవరి 23న, నేటి క్రొయేషియాలోని వొలోస్కో అనే సముద్రతీర గ్రామంలో జన్మించారు. తండ్రి ఓడలకు లంగర్లు చేసే కమ్మరి. ఆయన పుట్టిన కొద్దికాలానికే తల్లి మరణించింది. పదిహేనేళ్లకే మాతృభాషతోపాటు ఇటాలియన్, ఫ్రెంచ్, ఇంగ్లీషు నేర్చుకున్నారు. ప్రాగ్ విశ్వవిద్యాలయంలో గణితం, భౌతికశాస్త్రం చదివి ఉపాధ్యాయుడయ్యారు. 1882 నుంచి తొమ్మిదేళ్లు బకార్ రేవు పట్టణంలోని నావికా పాఠశాలలో పాఠాలు చెప్పారు. 1892లో జాగ్రెబ్ వాతావరణ పరిశోధనాలయానికి అధిపతి అయ్యారు. తర్వాత అక్కడికి భూకంపాలను నమోదు చేసే యంత్రాలు తెప్పించారు.

1909 అక్టోబరు 8న జాగ్రెబ్‌కు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, కుపా లోయలో భూకంపం వచ్చింది. ఆయన యూరప్‌లోని ఇతర కేంద్రాల రికార్డులు కూడా తెప్పించి పోల్చి చూశారు. కొన్ని చోట్ల ఒకే రకం తరంగం రెండుసార్లు చేరినట్లు కనిపించింది. గతుకుల మట్టిరోడ్డులో నేరుగా వచ్చే బస్సు కంటే, చుట్టు తిరిగినా తారురోడ్డు మీద వచ్చే బస్సు ముందు చేరుతుంది కదా! అలాగే లోతుకు దిగి, అక్కడి వేరు రకం శిలల్లో వేగంగా సాగి పైకి వచ్చిన తరంగం దూరపు కేంద్రాలకు ముందుగా చేరుతోందని ఆయన గ్రహించారు. సుమారు 54 కిలోమీటర్ల లోతున ఒక సరిహద్దు ఉందని లెక్కగట్టి 1910లో ప్రచురించారు. పైన భూపటలం, కింద భూప్రావారం. మధ్యనున్న ఆ సరిహద్దునే నేడు మోహో అంటున్నాం.

తర్వాతి శాస్త్రవేత్తలు భూకంప తరంగాలతోనే పర్వతాల అడుగును పరిశీలించారు. సముద్రాల కింద కొద్ది కిలోమీటర్ల లోతునే ఉండే మోహో, హిమాలయాలు, టిబెట్ ప్రాంతంలో సుమారు 70 కిలోమీటర్ల వరకు దిగిపోయింది. అంటే చెట్టుకున్నట్లే పర్వతానికీ వేరుంది! దాని కింద, ప్రావారం పైభాగంలో వేడి శిలల్లో తరంగాలు నెమ్మదిస్తాయి, చల్లని శిలల్లో వేగం పుంజుకుంటాయి. ఆ తేడాయే లోపలి స్థితిని చెబుతుంది. 1961లో హైదరాబాదులో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు కూడా హిమాలయాల కింది పొరలను ఈ తరంగాలతో పరిశోధించారు.

మోహోరోవిచిచ్ 1936 డిసెంబరు 18న జాగ్రెబ్‌లో కన్నుమూశారు. చంద్రునిపై ఒక బిలానికి ఆయన పేరు పెట్టారు.

మిత్రులారా! ఆయన ముందున్నవి కొన్ని గీతల కాగితాలు, తోడున్నది గణితం. రావలసిన ఒక్క గీత రెండుగా వస్తే పొరపాటని పక్కన పెట్టలేదు, ఎందుకని అడిగారు. లెక్కల పుస్తకం తెరిచినప్పుడు ఆ కమ్మరి బిడ్డను ఒకసారి తలచుకుందాం.