థామస్ లార్డు

క్రికెట్టు ఆటయం దభిరుచి గల మన విద్యార్థులలో లార్డ్సు మైదానము పేరు వినని వారుండరు. ఇంగ్లండు దేశపు ప్రభువు లాడుకొను స్థలమగుటచే దానికా పేరు కలిగినదని పలువురు తలంతురు. అది సరికాదు. లార్డు అనునది ఇచ్చట బిరుదు కాదు. ఒక సామాన్యుని ఇంటిపేరు. ఆ సామాన్యుని జీవితమును మన పాఠకులకు సంగ్రహముగా దెలుపదలచితిమి.

థామస్ లార్డు 1755వ సంవత్సరము నవంబరు 23వ తేదీన యార్కుషైరు మండలమునందలి థర్‌స్కు పట్టణమున జన్మించెను. తండ్రి విలియము లార్డు రోమను కథోలిక మతస్థుడు. సొంత భూమి గల రైతు. స్టూఅర్టు రాజవంశమునకు మరల సింహాసనము సంపాదించుటకై 1745లో జరిగిన తిరుగుబాటునం దాతడు ఆ వంశము పక్షము వహించెను. తిరుగుబాటు విఫలమయ్యెను. ప్రభుత్వమువారు ఆతని భూములను స్వాధీనపరచుకొనిరి. తాను యజమానుడై దున్నించిన పొలములోనే ఆతడు కూలివాడై పనిచేయవలసి వచ్చెను. కొంతకాలమునకు ఆ కుటుంబము నార్ఫోకు మండలములోని డిస్ అను ఊరికి తరలిపోయెను. తనదనుకొన్న నేల పరులదగుట యెట్టిదో థామసు చిన్నతనముననే యెరిగెను.

పెద్దవాడైన పిమ్మట ఆయన లండను నగరమునకు బోయి, ఇస్లింగ్టనునందలి వైట్ కాండ్యూటు క్లబ్బులో కొలువు సంపాదించెను. ఆ క్లబ్బు ధనికులది. వారికి బంతులు వేయుటయు, ఇతర పరిచర్యలు చేయుటయు ఆయన పని. ఆ దినములలో బంతిని చేయి పైకెత్తక, క్రిందుగనే వేయుచుండిరి. క్లబ్బువా రాడు స్థలము ఎల్లరకును తెరచియున్నందున వారికి తృప్తి లేకుండెను. 1786లో వించెల్సీ ప్రభువును, చార్లెసు లెనాక్సును లార్డును పిలిచి, ప్రత్యేకమైన స్థలము నొకదానిని చూడుమనియు, నష్టము వచ్చినచో తాము భరింతుమనియు మాట యిచ్చిరి.

లార్డు వెనుదీయలేదు. మేరిల్‌బోను ప్రాంతమున పోర్టుమను జమీకి చెందిన నేలను కౌలునకు దీసికొని మైదానము సిద్ధపరచెను. 1787 మే నెలలో అచ్చట ఆటలు ప్రారంభమయ్యెను. ఆ సంవత్సరమే మేరిల్‌బోను క్రికెట్టు క్లబ్బు స్థాపింపబడెను. నేటికిని క్రికెట్టు నిబంధనలను సవరించి ప్రకటించు అధికారము ఆ క్లబ్బుదే. 1805లో ఈటను, హేరో పాఠశాలల విద్యార్థులు ఈ మొదటి మైదానముననే పోటీపడిరి. తరువాతి కాలమున మహాకవియని పేరొందిన బైరను ఆనాడు హేరో జట్టులో నాడెను.

నగరము పెరుగుచుండెను, నేల వెల హెచ్చుచుండెను. 1810లో కౌలు గడువు ముగిసెను. లార్డు ముందుగనే సెయింట్ జాన్సు వుడ్డున నింకొక స్థలమును కౌలునకు గైకొనియుండెను. పాతమైదానపు పచ్చికను మంటితోగూడ పలకలుగా కోయించి అచ్చటికి తరలించెను. 1811లో అది ఆటకు తెరువబడెను. రెండేండ్లు గడచెనో లేదో, రీజెంటు కాలువను ఆ స్థలము మీదుగనే త్రవ్వుటకు నిర్ణయమయ్యెను. లార్డు మరల పచ్చికను లేపించెను. అరణ్యమున ఇశ్రాయేలీయులు గుడారమును విప్పి, మోసికొనిపోయి, వేరొకచోట నిలిపినట్లు, ఆయన సమీపముననే ఎయిరు జమీ నేలలో మూడవ మైదానమును సిద్ధపరచెను. 1814 జూను 22వ తేదీన అందు మేరిల్‌బోను క్లబ్బువారు హెర్టుఫర్డుషైరు జట్టుతో ఆడిరి. నేటి లార్డ్సు మైదాన మదియే. దాని నేల సమతలము కాదు. ఒక ప్రక్కకంటె మరియొక ప్రక్క సుమారు 8 అడుగుల పల్లము.

ఇంతవరకు చెప్పినదంతయు లార్డు పట్టుదలకు నిదర్శనము. ఇక చెప్పబోవునది ఆయన కీర్తికి తోడ్పడునది కాదు; అయినను దాచుట న్యాయము కాదు. 1825 నాటికి ఆయనకు డెబ్బది యేండ్లు సమీపించెను. మైదానమున చాల భాగమును ఇండ్ల స్థలములుగా మార్చి లాభము పొందవలెనని ఆయన సంకల్పించెను. అప్పుడు ఇంగ్లండు బ్యాంకు డైరెక్టరులలో నొకడైన విలియము వార్డు 5,000 పౌను లిచ్చి కౌలుహక్కును కొని మైదానమును కాపాడెను. ఇదే మైదానమున 1820లో నార్ఫోకు జట్టుపై 278 పరుగులు చేసినవా డీ వార్డే. ఆ 1825వ సంవత్సరమే జూలై నెలలో ఆటగాండ్ర మంటపము తగులబడి, క్లబ్బువారి పూర్వపు రికార్డు లెన్నియో దగ్ధమయ్యెను.

లార్డును నిందింపవలెనా? నేల నిలుకడలేనిదని ఆయన జీవితమంతయు ఆయనకు బోధించెను. వృద్ధాప్యమున ధనము నమ్ముకొనెను కాబోలు. మూడుమారులు మైదానమును నిర్మించిన శ్రమ ఆయనది. దానిని నిలిపిన త్యాగము వేరొకనిది. ఈ రెంటిలో దేనిని మరచినను చరిత్ర సగమే యగునని మా అభిప్రాయము. వార్డు తన పేరు పెట్టుకొనుమని కోరియుండవచ్చును. పాత పేరే నిలిచెను.

లార్డు 1830లో హాంప్‌షైరునందలి వెస్టు మియను గ్రామమునకు బోయి, 1832 జనవరి 13వ తేదీన మరణించెను. అచ్చటి దేవాలయపు ఆవరణమున ఆయన సమాధి గలదు. 1866లో క్లబ్బువారు మైదానపు నేలను పూర్తిగా కొనిరి.

1884లో అచ్చట మొదటి టెస్టు జరిగెను. ఇంగ్లండు ఆస్ట్రేలియాను ఓడించెను. లార్డు మరణించిన నూరేండ్లకు, 1932 జూను 25వ తేదీన, భారతదేశము తన మొట్టమొదటి టెస్టును ఆ పచ్చికపైననే ఆరంభించెను. నాయకుడు నాగపూరునందలి తెలుగు కుటుంబమున బుట్టిన కొఠారి కనకయ్య నాయుడు. చేతికి దెబ్బ తగిలినను ఆయన మొదటి ఇన్నింగ్సులో 40 పరుగులు చేసెను. మనవారు 158 పరుగులతో ఓడిరి. 1974లో అచ్చటనే 42 పరుగులకే కూలిరి. 1983లో సరిగా ఆ జూను 25వ తేదీననే, 183 పరుగులు మాత్రమే చేసియు, వెస్టిండీసును 43 పరుగులతో ఓడించి ప్రపంచకప్పు గెలిచిరి. 1990లో గ్రాహము గూచి మనపై చేసిన 333 పరుగులు ఆ మైదానమున టెస్టులలో నొక్కరు చేసిన అత్యధిక సంఖ్య. 2017లో హైదరాబాదున పెరిగిన మిథాలీ రాజు నాయకత్వమున మన స్త్రీలు అచ్చట ప్రపంచకప్పు తుదిపోటీ నాడి, 9 పరుగులతో ఓడిరి. ఇన్ని జయాపజయములకు పాదపీఠమైనది పరిచారకుడొకడు రెండుమార్లు మోయించిన పచ్చిక.

బాలబాలికలారా! మనమాడు నేలయు, చదువు గదులును ఎవరో సంపాదించినవి, మరెవరో కాపాడినవి. వారిలో కొందరి పేర్లు గోడలపై గలవు. పెక్కుమంది పేర్లు లేవు. పేరున్న వారిని గౌరవింపుడు, లేనివారిని మరువకుడు. వారు మీకప్పగించినదానిని మీ తరువాతి వారికి చెడకుండ అప్పగింపుడు.