రహీం సాహెబ్

గోల్ చేసినవాని పేరు మరునాటి పత్రికలలో పెద్ద అక్షరాలతో వెలువడుతుంది. ఆ గోల్‌కు దారి చూపినవాడు మైదానం అంచున నిలిచిపోతాడు. అట్లా అంచున నిలిచే భారత ఫుట్‌బాల్‌ను ఆసియా శిఖరానికి చేర్చిన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం. శిష్యులకు ఆయన రహీం సాహెబ్.

1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించిన రహీం, ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులై ఉపాధ్యాయ వృత్తిని చేపట్టారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ వంటి చోట్ల పాఠశాలల్లో బోధించారు. విశ్వవిద్యాలయ జట్టులోను, స్థానిక లీగ్‌లో కమర్ క్లబ్బు పక్షానను ఆడి మెప్పు పొందారు. అయితే దేశం తరఫున ఆడే అవకాశం ఆయనకు రాలేదు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. మరణించేవరకు ఆ బాధ్యతను మోశారు.

ఆ రోజుల్లో మన ఆటగాళ్లకు బంతిని తామే కాలితో నడిపించుకొని పోవడం మీద మక్కువ ఎక్కువ. చూసేవారికి అది కనువిందే కాని, జట్టుకు చేటు. రహీం ఈ అలవాటును ఉపన్యాసాలతో మాన్పించడానికి ప్రయత్నించలేదు. బంతిని అట్టే పెట్టుకోరాదనే నియమంతో బాలురకు పోటీలు పెట్టారు. బలహీనమైన కాలితో మాత్రమే ఆడే పోటీలు మరికొన్ని. బడిపంతులు లెక్కలు చేయించినట్లే ఆయన ఆట నేర్పారు.

1950లో ఆయన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు శిక్షణను చేపట్టారు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలుచుకొంది. కలకత్తా జట్లదే రాజ్యమైన కాలంలో ఇది సామాన్యమైన విజయం కాదు.

1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో రహీం శిక్షణలోని భారత జట్టు ఇరాన్‌ను 1-0 తేడాతో ఓడించి స్వర్ణం సాధించింది. మరుసటి సంవత్సరమే గర్వభంగం జరిగింది. హెల్సింకి ఒలింపిక్స్‌లో, చలిలో, మనవారిలో పలువురు వట్టి కాళ్లతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయారు. ఆ తరువాతనే ఆటగాళ్లకు బూట్లు తప్పనిసరి అయ్యాయి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశారు. చివరకు భారత్ నాలుగవ స్థానంలో నిలిచింది. సికింద్రాబాదుకు చెందిన తులసీదాస్ బలరాం, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్ వంటి మన నగరాల యువకులు ఆ జట్టులో ఉన్నారు. 1960లో రోమ్‌కు వెళ్లిన జట్టులో రహీం కుమారుడు హకీం కూడా ఉన్నారు. కాని ఒక్క పోటీలోనూ ఆయన మైదానంలోకి దిగలేదు. తండ్రి శిక్షకుడైన జట్టులో కుమారుడు ఆడకుండా తిరిగిరావడం ఎందరికి సాధ్యం!

1962 నాటికి రహీంను ఊపిరితిత్తుల క్యాన్సర్ పట్టి పీడిస్తున్నది. అయినా జకార్తా ఆసియా క్రీడలకు జట్టుతో వెళ్లారు. మొదటి పోటీలోనే దక్షిణ కొరియా 2-0 తేడాతో ఓడించింది. థాయ్‌లాండ్‌తో ఆటలో జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. వెనుక నిలిచి కాపాడవలసిన యోధుడు ఆ తలతో బంతిని ఎదుర్కొనడం ఎట్లా? రహీం ఆయనను విశ్రాంతికి పంపక, ముందుకు, దాడి వరుసలోకి తెచ్చారు. దక్షిణ వియత్నాంపై సెమీఫైనల్లో జర్నైల్ గోల్ చేశారు. భారత్ 3-2 తేడాతో గెలిచింది.

సెప్టెంబరు 4న ఫైనల్. ప్రత్యర్థి మళ్లీ కొరియాయే. ఇజ్రాయెల్, తైవాన్‌లను క్రీడలకు రానీయకపోవడాన్ని భారతీయ ప్రతినిధి జి.డి. సోంధీ ఆక్షేపించినందున స్థానిక ప్రేక్షకులు మనపై కోపంగా ఉన్నారు. నిండిన మైదానంలో మనవారి పాదం బంతికి తగిలితే చాలు, కేకలు హోరెత్తాయి. జ్వరపడి లేచిన పొడగరి గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్‌ను రహీం తిరిగి జట్టులోకి తీసుకొన్నారు. పదిహేడవ నిమిషంలో పి.కె. బెనర్జీ, ఇరవయ్యవ నిమిషంలో జర్నైల్ గోల్స్ చేశారు. కొరియా చివరలో ఒక్కటి మాత్రమే తిరిగి చేయగలిగింది. స్వర్ణం భారత్‌ది.

జకార్తా నుండి తిరిగి వచ్చిన రహీంకు ఏడాది కూడా మిగలలేదు. 1963 జూన్ 11న, యాభై మూడేళ్ల వయసులో కన్నుమూశారు. శిక్షకులకు ఇచ్చే ద్రోణాచార్య పురస్కారం అప్పటికి లేనే లేదు. అది 1985లో మొదలైంది. 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడలలో భారత్ కాంస్యం గెలిచినప్పుడు, ఆ జట్టుకు శిక్షణ ఇచ్చినవారిలో ఒకరు జకార్తాలో తొలి గోల్ చేసిన పి.కె. బెనర్జీ.