నౌకానిర్మాత వాల్‌చంద్ హీరాచంద్

సముద్రతీరానికి ఎంతో దూరమైన శంషాబాద్ ప్రాంతంలో విద్యనభ్యసించే మనకు విమానాల రాకపోకలు నిత్యపరిచితములే గాని, ఆవిరి ఓడల చరిత్ర అంతగా తెలియదు. బెంగుళూరులో విమాన కర్మాగారానికి, విశాఖలో నౌకా నిర్మాణ కేంద్రానికి మూలపురుషులు ఒక్కరే. వారే సేఠ్ వాల్‌చంద్ హీరాచంద్.

1882 నవంబరు 23న, తెలుగు చేనేత కుటుంబాలు అధికంగా స్థిరపడిన షోలాపురంలో, ఒక గుజరాతీ జైన వర్తక కుటుంబంలో వారు జన్మించారు. రైలుమార్గాల నిర్మాణ కాంట్రాక్టులతో వృత్తిజీవితం ఆరంభించారు. ఆ కాలంలో మన సముద్ర వాణిజ్యం చాలవరకు ఆంగ్లేయ కంపెనీల చేతిలో ఉండేది. 1919లో వాల్‌చంద్ మిత్రులతో కలిసి సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీని స్థాపించి, గ్వాలియర్ మహారాజు వద్దనున్న లాయల్టీ అనే ఓడను కొన్నారు.

ఆ ఓడ 1891లో ఇంగ్లండులో నిర్మితమైనది. బొగ్గు మంటపై బాయిలరులో పుట్టిన ఆవిరి, ఒకదానికంటె ఒకటి పెద్దవైన సిలిండర్లలో మూడు దశలుగా వ్యాకోచించి రెండు పంకాలను త్రిప్పేది. ఒకే ఆవిరిచేత ముమ్మారు పనిచేయించే ఈ పద్ధతి వలన బొగ్గు ఆదా అయ్యేది. 1919 ఏప్రిల్ 5న లాయల్టీ బొంబాయి నుండి లండనుకు బయలుదేరింది. ఆ దినమే నేడు మన జాతీయ నౌకాయాన దినోత్సవం.

అయితే ఆంగ్లేయ కంపెనీలు పోటీని సహించలేదు. కిరాయి ధరలు తగ్గించి సింధియాను దెబ్బతీయ యత్నించాయి. 1923 ఒప్పందంతో సింధియా ఓడలు తీర వాణిజ్యానికే పరిమితమయ్యాయి. అదే ఏడు, వయసు మీరిన లాయల్టీని బొంబాయిలో విడగొట్టారు.

అయినను వాల్‌చంద్ వెనుదిరుగలేదు. ఓడలను కొనడమే కాక, ఇచ్చటనే నిర్మించాలని సంకల్పించారు. 1940లో మైసూరు ప్రభుత్వ సహకారంతో విమాన కర్మాగారం నెలకొల్పారు. 1941 జూన్ 21న విశాఖలో నౌకా కేంద్రానికి బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. మరుసటి ఏడు ఏప్రిల్‌లో జపాను బాంబులు విశాఖపై పడగా పని కుంటుపడింది. తుదకు 1948 మార్చి 14న సుమారు 8,000 టన్నుల జల ఉష అనే ఆవిరి ఓడను పండిత నెహ్రూ జలప్రవేశం చేయించారు.

1952లో ఆ కేంద్రం హిందుస్థాన్ షిప్‌యార్డుగా మారింది. 1953 ఏప్రిల్ 8న సిద్ధపూర్‌లో వాల్‌చంద్ కన్నుమూశారు.

లాయల్టీని భద్రపరచి చూపగల అదృష్టం మనకు లేకపోయింది. కాని ఓడలు నిర్మించే నేర్పు మాత్రం విశాఖలో నిలిచింది. యంత్రశాస్త్రం చదివే మన విద్యార్థులు ఆ నేర్పును ప్రత్యక్షంగా చూచి రావాలని, కళాశాల పెద్దలు అందుకు తోడ్పడాలని కోరుతున్నాము.