సూదికన్నా ముందు గుచ్చుకునే భయం

కొవిడ్ టీకా మొదటి డోసు వేయించుకున్న రాత్రి మీకు గుర్తుందా? మంచం పక్కన పారాసిటమాల్ మాత్ర, థర్మామీటర్ పెట్టుకుని పడుకునే ఉంటారు. ఎదురింటివాళ్లు రెండు రోజులు లేవలేకపోయారని అప్పటికే విన్నారు. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక వీడియో పెట్టారు. ఒళ్లు కాస్త వెచ్చబడగానే, ఇదిగో మొదలైంది అనుకున్నారు. ఆ నలతలో టీకా వాటా ఎంత? వస్తుందేమోనని మీరు పడ్డ ఎదురుచూపు వాటా ఎంత?

ఈ ప్రశ్నకు ఇప్పుడు సైన్సు దగ్గర కొంత జవాబు ఉంది. దాని దగ్గరకు వెళ్లేముందు మీరు ఒక మనిషి కథ తెలుసుకోవాలి. నూట ఇరవై ఏళ్లకు పైగా కిందట మన దేశంలో కలరాతోనూ, ప్లేగుతోనూ, ఆ రెంటితో పాటు జనం మనసులోని భయంతోనూ పోరాడిన వాల్డెమార్ హాఫ్కిన్ కథ అది.

ఒడెసా నుంచి పారిస్‌కు

హాఫ్కిన్ 1860 మార్చి 15న ఒడెసాలో పుట్టాడు. ఇప్పుడది ఉక్రెయిన్‌లో ఉంది, అప్పట్లో రష్యా సామ్రాజ్యంలో ఉండేది. యూదు కుటుంబం. జంతుశాస్త్రం చదివాడు. రోగనిరోధక శక్తిపై పరిశోధనలకు తర్వాత నోబెల్ అందుకున్న మెచ్నికోవ్ ఆయన గురువు. మతం మార్చుకుంటే విశ్వవిద్యాలయంలో ఎదిగే దారి ఉన్నా ఆయన ఒప్పుకోలేదు. దేశం విడిచి స్విట్జర్లాండ్ వెళ్లి, అక్కడి నుంచి పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌కు చేరాడు. దొరికింది సహాయ లైబ్రేరియన్ ఉద్యోగం. పుస్తకాలు సర్దగా మిగిలిన వేళల్లో ప్రయోగశాలలో కూర్చునేవాడు.

అది ప్రపంచాన్ని కలరా చుట్టేస్తున్న కాలం. హాఫ్కిన్ కలరా క్రిములతో టీకా తయారుచేశాడు. మొదట బలహీనపరిచిన క్రిములతో ఒక సూది, కొన్ని రోజుల తర్వాత బలమైన క్రిములతో ఇంకొకటి. జంతువులపై ప్రయోగాలు అయ్యాక, 1892 జులై 18న మొదటి సూది తనకే వేసుకున్నాడు. జ్వరం వచ్చింది, తగ్గింది. ఆ తర్వాత ముగ్గురు రష్యన్ మిత్రులు ముందుకొచ్చారు. పారిస్‌లో పెద్దలు మాత్రం అంతగా స్పందించలేదు. కలరా నిజంగా మనుషుల్ని మింగేస్తున్న చోటే దీన్ని పరీక్షించాలనుకుని, 1893 మార్చిలో ఆయన కలకత్తాలో దిగాడు.

రాళ్లు పడ్డ బస్తీ

ఇప్పుడు మిమ్మల్ని మీరు ఆ బస్తీలో ఊహించుకోండి. ఊరు కాని ఊరి నుంచి ఒక తెల్లదొర వచ్చాడు. ఆరోగ్యంగా ఉన్న మీ పిల్లాడికి సూది వేస్తానంటున్నాడు. సూది వేస్తే జ్వరం వస్తుందని కూడా తనే చెబుతున్నాడు. పైగా వారం తిరిగేసరికి మళ్లీ వచ్చి ఇంకో సూది వేయించుకోమంటున్నాడు. ఒప్పుకుంటారా?

కలకత్తా బస్తీవాసులు కూడా ఒప్పుకోలేదు. 1894లో ఒక బస్తీలో ఆయన బృందంపై రాళ్లు రువ్వారు. అప్పుడు హాఫ్కిన్ చొక్కా పైకెత్తి, అందరి ముందూ తనకే సూది వేయించుకున్నాడని ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. రాళ్లు పట్టుకున్న చేతులు ఆగాయి. చూద్దామని దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామంది చివరికి వరుసలో నిలబడ్డారు. ఆయన వెంట ఉన్న బెంగాలీ వైద్యులు ఆ జనం భాషలో, ఆ జనానికి అర్థమయ్యేలా వివరించడం కూడా ఎంతో పనిచేసింది. తర్వాత రెండేళ్లలో ఆయన వేలాది మందికి టీకా వేశాడు. బలవంతంగా కాదు, ఇష్టపడి వచ్చినవాళ్లకే.

ఆసుపత్రికే భయపడిన నగరం

1896లో బొంబాయిలో ప్లేగు విరుచుకుపడింది. చైనా నుంచి బయల్దేరి రేవు పట్టణాల మీదుగా ప్రపంచమంతా పాకిన మహమ్మారి అది. తర్వాతి దశాబ్దాల్లో మన దేశంలోనే కోటి మందికి పైగా చనిపోయారు.

జబ్బుతో సమానంగా జనాన్ని వణికించినవి ప్రభుత్వ చర్యలు. సోదా బృందాలు ఇళ్లలోకి చొరబడేవి. అనుమానం ఉన్నవాళ్లను బలవంతంగా ఆసుపత్రికి తరలించేవారు. సామాన్లు తగలబెట్టేవారు. ఆసుపత్రికి వెళ్లినవాళ్లలో చాలామంది శవాలుగా బయటికొచ్చేవారు. చాలామందిని చివరి దశలో తీసుకెళ్లడం అందుకు ఒక కారణం. జనానికి మాత్రం వేరేలా అర్థమైంది. అక్కడ చంపేస్తున్నారని, శవాల నుంచి ఏదో మందు తీస్తున్నారని పుకార్లు లేచాయి. 1896 అక్టోబరులో ఒక గుంపు ఆర్థర్ రోడ్ ఆసుపత్రిపై దాడి చేసింది. కొన్ని నెలల్లోనే నగర జనాభాలో దాదాపు సగం మంది ఊరు విడిచి వెళ్లిపోయారు.

ఇక్కడ భయం తనను తాను నిజం చేసుకున్న తీరు గమనించండి. ఆసుపత్రికి వెళితే చావే అనుకున్నారు కాబట్టి రోగిని దాచారు. దాచారు కాబట్టి ఆలస్యంగా వెళ్లారు. ఆలస్యంగా వెళ్లారు కాబట్టి ఎక్కువమంది చనిపోయారు. మేం అనుకున్నదే నిజమైందని మిగతావాళ్లు అనుకున్నారు. కొవిడ్ రెండో వేవ్‌లో ఆక్సిజన్ బాగా పడిపోయేదాకా ఇంట్లోనే ఉండిపోయినవాళ్లు మీకు తెలిసినవారిలోనూ ఉండే ఉంటారు.

నెయ్యి చుక్కలు, ఒక చిన్న గది

ఆ భయం మధ్యకు హాఫ్కిన్ 1896 అక్టోబరులో వచ్చాడు. గ్రాంట్ మెడికల్ కాలేజీలో ఆయనకు దొరికింది ఒక చిన్న గది, వరండా, కొద్దిమంది సహాయకులు. పని ఒత్తిడికి ఒకరు కుప్పకూలారు. ఇద్దరు వదిలేసి వెళ్లారు. ఆయన మాత్రం రోజంతా పనిచేస్తూ, ప్లేగు క్రిములను మాంసం పులుసులో పెంచి, వేడితో చంపి, మూడు నెలల్లో టీకా తయారుచేశాడు. పులుసు మీద నెయ్యి చుక్కలు వేస్తే వాటిని పట్టుకుని క్రిములు గుత్తులుగా వేలాడుతూ పెరిగేవి. మతపరమైన అభ్యంతరాలు తెలుసు కాబట్టి ఆవు, పంది మాంసం జోలికి పోకుండా మేక మాంసం వాడాడు.

1897 జనవరి 10న ఆ టీకాను మొదట తనకే వేసుకున్నాడు. తర్వాత మామూలుగా ఇచ్చిన డోసు కన్నా చాలా ఎక్కువ మోతాదులో. జ్వరం, నొప్పి వచ్చాయి, కొన్ని రోజుల్లో పోయాయి. ఆ నెలాఖరులోనే బైకుల్లా జైలులో ప్లేగు మొదలైంది. ఇష్టపడి ముందుకొచ్చిన దాదాపు సగం మంది ఖైదీలకు టీకా వేశాడు. వేయించుకోనివాళ్లతో పోలిస్తే వేయించుకున్నవాళ్లలో జబ్బు చాలా తక్కువగా కనిపించింది.

అయినా పుకార్లు ఆగలేదు. ఈ సమయంలో ఇస్మాయిలీ ఖోజాల గురువు, ఇరవై ఏళ్లయినా నిండని యువకుడు మూడో ఆగాఖాన్ ఒక పని చేశాడు. తన జనం ముందు బహిరంగంగా, ఒకసారి కాదు పలుమార్లు టీకా వేయించుకున్నాడు. తమ గురువుకు ఏమీ కాలేదని కళ్లారా చూశాక ఖోజాలు వేల సంఖ్యలో ముందుకొచ్చారు.

అదే జ్వరం, వేరే అర్థం

ఇందులో మనకు పనికొచ్చే విషయం ఒకటుంది. ఆగాఖాన్ వేయించుకోకముందూ, తర్వాతా మందు ఒక్కటే. ఆ జ్వరమూ అదే. మారింది జనం దానికోసం ఎదురుచూసే తీరు. దొర విషం ఎక్కించాడనుకున్నవాడికి ఒళ్లు వెచ్చబడటం చావుకు మొదటి మెట్టులా అనిపిస్తుంది. మన గురువుకూ ఇలాగే వచ్చి తగ్గిందిగా అనుకున్నవాడికి అది రెండు రోజుల నలత. హాఫ్కిన్ కూడా జ్వరం వస్తుందన్న సంగతి దాచలేదు. శరీరం స్పందిస్తోందనడానికి దాన్ని గుర్తుగానే తీసుకునేవాడు.

అలాగని నమ్మకమే ప్లేగును ఆపిందనుకోకండి. ఆపినంతవరకు ఆపింది టీకాయే. నమ్మకం చేసిన పని మనిషిని టీకా దాకా తీసుకురావడం, వచ్చాక పడ్డ బాధను భరించదగినదిగా మార్చడం.

ముల్కోవాల్: నిజమైన అపాయం

భయాలన్నీ భ్రమలే అయితే ఈ కథ ఇక్కడితో హాయిగా ముగిసేది. 1902 అక్టోబరు 30న పంజాబ్‌లోని ముల్కోవాల్ గ్రామంలో 107 మందికి ప్లేగు టీకా వేశారు. అందులో 19 మందికి ధనుర్వాతం వచ్చింది. 19 మందీ చనిపోయారు. అందరికీ ఒకే సీసాలోని మందు ఎక్కించారు.

విచారణ సంఘం తప్పు ప్రయోగశాలలోనే జరిగిందని భావించింది. హాఫ్కిన్‌ను పదవి నుంచి తప్పించారు. ఆయన లండన్ వెళ్లి తన నిర్దోషిత్వం కోసం ఏళ్లపాటు పోరాడాడు. మెల్లమెల్లగా వివరాలు బయటికొచ్చాయి. ఆ రోజు సీసా మూత తీసే పట్టుకారు సహాయకుడి చేతిలోంచి నేల మీద పడింది. దాన్ని మంటలో కాల్చకుండా, మందు నీళ్లలో ముంచి వాడేశాడు. ధనుర్వాత క్రిములు సీసాలో చాలాకాలంగా పెరిగి ఉంటే మూత తీయగానే దుర్వాసన రావాలి. అది రాలేదు. అంటే పొరపాటు ప్రయోగశాలలో కాకుండా ఊళ్లో మూత తీసేటప్పుడే జరిగి ఉండాలి. మలేరియా గుట్టు విప్పిన రొనాల్డ్ రాస్ సహా పదిమంది శాస్త్రవేత్తలు 1907 జులైలో లండన్ టైమ్స్‌లో ఆయన తరఫున లేఖ రాశారు. ఆ ఏడాది చివర్లో ప్రభుత్వం ఆయన్ను మళ్లీ పనిలోకి తీసుకుంది. కలకత్తాలో ఉద్యోగమైతే ఇచ్చారు కానీ, పాత స్థానం, పాత స్వేచ్ఛ తిరిగి రాలేదు.

ఈ ఘట్టాన్ని దాటేయకుండా చెప్పడానికి కారణముంది. ఆ 19 కుటుంబాల దుఃఖం నిజం. భయపడేవాళ్లందరినీ మూఢులని కొట్టిపారేస్తే నమ్మకం ఇంకా పోతుంది. ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో దాచకుండా చెబితేనే అది నిలబడుతుంది. ముల్కోవాల్ విషయంలో ఆ నిజం తేలడానికి ఐదేళ్లు పట్టింది.

ఉప్పునీళ్లకూ తలనొప్పి

మందు లేని మాత్ర మింగినా, ఇది మందే అన్న నమ్మకంతో హాయిగా అనిపించడాన్ని ప్లాసిబో అంటారు. హాని జరుగుతుందన్న ఎదురుచూపుతో నిజంగానే బాధ కలగడం నోసీబో. 1961లో వచ్చిన ఈ మాట హాఫ్కిన్‌కు తెలియదు. ఆయన ఎదుర్కొన్నవాటిలో మాత్రం ఇదీ ఉంది.

కొవిడ్ టీకాల ప్రయోగాల్లో కొందరికి అసలు టీకా, మరికొందరికి ఎక్కువగా ఉప్పునీళ్లలాంటి ఉత్తుత్తి సూది వేశారు. ఎవరికి ఏది పడిందో వాళ్లకు తెలియదు. అలాంటి 12 ప్రయోగాల్లో పాల్గొన్న 45 వేల మందికి పైగా వివరాలను అమెరికా పరిశోధకులు కలిపి చూసి, 2022 జనవరిలో ఫలితాలు ప్రచురించారు. మొదటి డోసు తర్వాత ఉత్తుత్తి సూది పడినవాళ్లలోనూ 35 శాతం మంది తలనొప్పి, నీరసం లాంటి ఇబ్బందులు చెప్పారు. అసలు టీకా వేయించుకున్నవాళ్లలో ఆ సంఖ్య 46 శాతం. అంటే మొదటి డోసు తర్వాత కనిపించిన ఇలాంటి ఇబ్బందుల్లో దాదాపు మూడొంతులు, అంటే నాలుగింట మూడు వంతులు, మందు వల్ల వచ్చినవని చెప్పలేం. మామూలుగా ఏ రోజైనా వచ్చే తలనొప్పులు, ఆందోళన, ఎదురుచూపు అన్నీ అందులో కలిసి ఉన్నాయి. రెండో డోసు తర్వాత మాత్రం తేడా పెరిగింది. అక్కడ టీకా ప్రభావం స్పష్టంగా కనిపించింది.

వాళ్లు అబద్ధం చెప్పారనుకోకండి. తల నిజంగానే నొప్పెట్టింది. భయం గుండె వేగాన్ని, కండరాల బిగువును, నిద్రను మారుస్తుంది. ఒంటి మీద నిఘా పెట్టినవారికి, లేకపోతే పట్టించుకోని చిన్న నలత కూడా పెద్దదిగా తెలుస్తుంది.

మీ ఇంట్లో ఇలా చేసి చూడండి

• ఇంట్లో పెద్దవాళ్లకు టీకా వేయించే ముందు, ఏమీ కాదని తేల్చేయకండి. ఒకటి రెండు రోజులు చేయి నొప్పి, కొద్దిపాటి జ్వరం రావచ్చని, చాలామందికి అవే తగ్గిపోతాయని చెప్పండి.

• వచ్చాక గంటగంటకూ జ్వరమొచ్చిందా, తలనొప్పా అని అడగకండి. ఎలా ఉన్నారు అని అడిగితే చాలు.

• పుకారు విన్న అత్తయ్యతో వాదించకండి. ఆమె భయం ఏమిటో ముందు పూర్తిగా వినండి. ఆమె నమ్మే డాక్టరుతో మాట్లాడించండి. వీలైతే మీరు ముందు వేయించుకుని చూపించండి.

• టీకా వేయించుకున్నాక సిబ్బంది చెప్పినంతసేపు అక్కడే కూర్చోండి. ఊపిరాడకపోవడం, ముఖం లేదా పెదాలు వాయడం, ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, తగ్గని తీవ్ర జ్వరం లాంటివి కనిపిస్తే అదంతా భయమేనని సర్దిచెప్పుకోకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

హాఫ్కిన్ 1930 అక్టోబరు 26న స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో కన్నుమూశాడు. అంతకు ఐదేళ్ల ముందే, బొంబాయి పరేల్‌లో ఆయన నడిపిన ప్రయోగశాలకు ఆయన పేరు పెట్టారు. హాఫ్కిన్ ఇన్‌స్టిట్యూట్ ఇప్పటికీ ఉంది. ఈసారి మీ ఇంట్లో ఎవరైనా సూదికి భయపడితే, రాళ్ల మధ్య చొక్కా ఎత్తి నిలబడిన ఆ మనిషిని ఒక్కసారి గుర్తుచేసుకోండి. తర్వాత వాళ్ల పక్కన కూర్చుని, ముందు మీ చేయి చాపండి.