సిలువ చెంత కులాన్ని విడిచిన కవి

ఆనందపురం పూల మార్కెట్‌లో కొన్న చామంతులతో మందిరంలోని సిలువను అలంకరించడమంటే మనకెంతో ఇష్టం. సెప్టెంబరు 14ను సిలువ పండుగగా ఆచరించే సంఘాలు లోకంలో అనేకం ఉన్నాయి. ఆ పండుగ చేసుకోని సంఘాలకు కూడా ఈ నెలలో స్మరించుకోదగిన భక్తుడొకరు ఉన్నారు. ఆయనే తెలుగు క్రైస్తవ కీర్తనాకారుడు పురుషోత్తమ చౌదరి.

1803 సెప్టెంబరు 5న పర్లాకిమిడి సమీపాన మదనాపురంలో, బెంగాలీ మూలాలున్న బ్రాహ్మణ కుటుంబంలో ఆయన జన్మించారు. ఆయనకు రెండేళ్లు నిండే వేళకు, 1805లో, లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ విశాఖపట్నం చేరి తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టారు. వారి తరువాత విశాఖలో పనిచేసిన ఎడ్వర్డ్ ప్రిచెట్ అనువదించిన కొత్త నిబంధన 1818లో అచ్చయింది. క్రీస్తు సిలువ మరణాన్ని మన భాషలో చదువుకునే భాగ్యం అలా కలిగింది.

చౌదరి సత్యాన్వేషి. క్రైస్తవ గ్రంథాలు చదివారు, మిషనరీలతో చర్చించారు. చివరికి 1833లో, ముప్పై ఏళ్ల వయసులో, కటకంలో బాప్తిస్మం పొందారు. ఆ రోజుల్లో బ్రాహ్మణుడు బాప్తిస్మం పొందడమంటే ఇంటి పంక్తిలో చోటు పోగొట్టుకోవడమే. బంధువుల గడప, ఊరివారి గౌరవం, పుట్టుకతో వచ్చిన అధిక్యత అన్నీ ఒక్కరోజులో చేజారిపోతాయి. సిలువ తప్ప తనకు వేరే అతిశయం లేదన్న పౌలు మాటకు అర్థమేమిటో ఆయన తన బ్రతుకులోనే తెలుసుకున్నారు.

తరువాత ఆయన ఉత్తరాంధ్ర, గంజాం ప్రాంతాల్లో సువార్త ప్రకటించారు. నూటికి పైగా కీర్తనలు రాశారు. పల్లవి, చరణాలతో, మన రాగతాళాలతో సాగే ఆ కీర్తనలు అక్షరం రాని కూలి తల్లికి కూడా సులువుగా నోటికి వచ్చాయి. ఒకప్పుడు ఎవరి నీడను అంటరానిదిగా ఎంచమని సమాజం ఆయన వర్ణానికి నేర్పిందో, వారి గుడిసెల్లోనే ఆయన పాటలు కాపురమున్నాయి. సిలువ చేసిన కార్యం ఇదే కదా! 1890 ఆగస్టు 23న, ఎనభై ఏడేళ్లు నిండడానికి రెండు వారాల ముందు, ఆయన ప్రభువు సన్నిధికి చేరారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఆయన పాటలు నేటికీ సజీవంగా ఉన్నాయి.

ఆ పాటలు పాడే మనల్ని మనం ఒకసారి పరిశీలించుకుందాం. ఆదివారం ఒకే రొట్టె పంచుకుంటాం. సోమవారం పిల్లల పెళ్లి సంబంధం దగ్గరికి వచ్చేసరికి ముందు కులం అడుగుతాం. సంఘ ఎన్నికల్లో వర్గం చూస్తాం. కొన్నిచోట్ల సమాధుల తోటలో కూడా హద్దులు గీస్తాం. చౌదరి వదిలేసిన బరువును మనం తిరిగి భుజాన వేసుకుని, ఆయన పాటనే గొంతెత్తి పాడుతున్నామా?

సిలువకు పూలదండ వేయడం తేలికే. దాని చెంత మన గొప్పను దించుకోవడమే కష్టం. యూదునికి, గ్రీసు దేశస్థునికి మధ్య ఉన్న అడ్డుగోడను క్రీస్తు తన సిలువ ద్వారా పడగొట్టాడని మనం నమ్ముతున్నాం. ఆ గోడను మన ఇళ్లలో మళ్లీ కట్టకుండా ఉండే కృపను ప్రభువు మనకు దయచేయును గాక!